మన పెట్రోల్‌లోకి ఇథనాల్ ఎట్లా వచ్చింది? శక్కర్‌నగర్ నుంచి మల్కాపూర్ దాకా

పోయిన వానాకాలం పెద్ద అంబర్‌పేట్ జంక్షన్ దగ్గర నా పాత బండి ఆగిపోయింది. మెకానిక్ ట్యాంకులోని పెట్రోల్‌ని సీసాలోకి తీసి చూపించాడు. అడుగున వేరే పొర! "నీళ్లు పోయినయ్ అన్నా. ఇథనాల్ ఉంది గదా, నీళ్లను పట్టుకుని కిందికి దిగుతది" అన్నాడు. అసలు ఈ ఇథనాల్ మన పెట్రోల్‌లోకి ఎప్పుడు వచ్చిందా అని ఆ రోజే వెతకడం మొదలుపెట్టా.

ఇది కొత్త సంగతి కాదు. నిజాం కాలంలో, 1937లో, బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ని పులియబెట్టి ఆల్కహాల్ చేసేవాళ్లు. బండ్లకు వాడే ఆల్కహాల్‌ని అప్పట్లో 'పవర్ ఆల్కహాల్' అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్ దొరక్క దేశంలో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన రోజులవి. 1948లో దీనికోసం ఒక చట్టం కూడా వచ్చింది. తర్వాత 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది, పెట్రోల్ దొరకడం తేలికైంది. పవర్ ఆల్కహాల్ మాట మరుగున పడింది. ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు.

మూడేళ్లకే కథ తిరగబడింది. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో 5 శాతం కలపమన్నారు. 2022 జూన్‌కి దేశం 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది.

మరి కలిపేది ఎక్కడ? రిఫైనరీలో కాదు, ఆయిల్ టెర్మినల్‌లో. పారాదీప్ నుంచి వచ్చే ఇండియన్ ఆయిల్ పైప్‌లైన్ మన విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గరి మల్కాపూర్‌లో ఆగుతుంది. పెట్రోల్ పైపులో వస్తుంది. ఇథనాల్ మాత్రం ట్యాంకర్లలో రోడ్డు మీద వస్తుంది. ఎందుకంటే పైపులో కొద్దిపాటి తేమ ఉన్నా ఇథనాల్ దాన్ని పీల్చేసుకుంటుంది.

అందుకే టెర్మినళ్లలో చాలా మార్చాల్సి వస్తుంది. ఇథనాల్‌కి వేరే ట్యాంకులు, వేరే పంపులు కావాలి. ట్యాంకులోకి వెళ్లే గాలిలో తేమ లేకుండా సిలికా జెల్ పెడతారు. ఇథనాల్‌కి ఉబ్బిపోయే రబ్బరు సీళ్లు తీసేసి, తట్టుకునేవి వేయాలి. మొదట్లో లారీ ట్యాంకులో రెండూ పోస్తే దారిలో కుదుపులకు అవే కలిసేవి. తర్వాత లోడింగ్ దగ్గరే మీటర్ పెట్టి, లెక్క ప్రకారం పైపులోనే కలిపే పద్ధతి వచ్చింది.

అన్నింటికంటే ముఖ్యం మంట. పెట్రోల్ మంట మీద చల్లే మామూలు నురుగును ఇథనాల్ విరగ్గొట్టేస్తుంది. ఇథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు కూడా. అందుకే ఆల్కహాల్‌ని తట్టుకునే ప్రత్యేకమైన నురుగు సిద్ధంగా ఉంచుకోవాలి. అది లేకపోతే ప్రమాదం ముందు అక్కడ పనిచేసేవాళ్లకే.

ఇంకో వైపు కూడా చూడాలి. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఊరి జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు. నీళ్లు, గాలి పాడవుతాయని వాళ్ల భయం. చివరికి పనులు ఆపించారు. దిగుమతి ఖర్చు తగ్గడం, మక్క రైతుకు గిరాకీ రావడం మంచిదే. కానీ ఆ లెక్కలో ఆ ఊరి నీళ్లు కూడా ఉండాలి గదా?

మన సంగతికొస్తే, లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఈ20కి తయారుచేయని పాత బండ్ల మైలేజీ కొంత తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మూత గట్టిగా పెట్టండి, వానలో బండి వదిలేయకండి, నెలల తరబడి అదే పెట్రోల్ ఉంచకండి. నేను ఈ మూడూ చేయలేదు, అందుకే రోడ్డు మీద నిలబడ్డా.

మీ ఊరి దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ ఉందా? అక్కడి పరిస్థితి కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.