ఇంటి ప్రేక్షకుల సినిమా అభిప్రాయాలు

టీవీలో, ఫోన్‌లో సినిమాలు, సీరియళ్లు చూసిన మామూలు జనం వాటిమీద చెప్పే తీర్పు. కడప జిల్లా వేంపల్లెలో ఇది నట్టింట్లో మొదలై టీ అంగడి దాకా నడుస్తుంది. 1995లో ఈటీవీ, జెమినీ రాకతో తెలుగునాట ఈ అలవాటు బలపడింది. 2020లో కోవిడ్‌తో థియేటర్లు మూతపడి, ‘ఆహా’ వంటి ఓటీటీ వేదికలు వచ్చాక కొన్ని కొత్త సినిమాల జాతకం కూడా ఇంట్లోనే తేలుతోంది.

రాయలసీమవాసి ముందు చూసేది యాస. ‘సమరసింహారెడ్డి’ (1999) తరహా ఫ్యాక్షన్ కథ టీవీలో వస్తే చాలు, “మనోళ్లు ఇట్ల యాడ మాట్లాడతారప్పా?” అనే మాట పడుతుంది. ఎంతసేపూ కత్తులు, సుమోలే. శెనక్కాయ చేను, ఎండిన బోరు, పాపఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామికి జరిగే శ్రావణ శనివారాలు తెరమీద ఏవీ? ఈ ఫిర్యాదు ముమ్మాటికీ న్యాయమైనది. పత్రికల సమీక్షకులు దీన్ని పట్టించుకున్నది తక్కువ.

రెండో పరీక్ష, పిల్లాపెద్దా కలిసి చూడొచ్చా అన్నది. ‘రానా నాయుడు’ (2023) వెబ్ సిరీస్ మీద తెలుగు ఇళ్లలో విమర్శ వచ్చింది ఇక్కడే. ‘మాయాబజార్’ (1957) మాత్రం ఏ తరానికీ విసుగు పుట్టించలేదు. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లావారే.