దివ్యాంగ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు: 9వ తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా.. ఎవరికి ఏది? అప్లికేషన్ ఎక్కడ ఆగిపోతోంది?

దివ్యాంగ విద్యార్థుల చదువుకు కేంద్రం ఇచ్చే సాయం తక్కువేమీ కాదు. హైస్కూల్‌లో పుస్తకాల ఖర్చు మొదలుకుని విదేశాల్లో పీహెచ్‌డీ దాకా స్కీములున్నాయి. అర్హత ఉన్నా చాలామందికి ఆ డబ్బు అందడం లేదు. సర్టిఫికెట్ చేతికి రాకముందే గడువు అయిపోవడం, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోవడం, కాలేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో ఓకే చేయకపోవడం.. ఇలాంటి చిన్న కారణాలతోనే ఏడాది సాయం పోతోంది. అందుకే ఏ తరగతికి ఏ స్కీమ్ ఉందో, ఏ పని ముందు చేసుకోవాలో తెలుసుకోవడం ముఖ్యం.

ముందు సర్టిఫికెట్

అన్నిటికీ మూలం వైకల్య ధ్రువీకరణ. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం 21 రకాల వైకల్యాలకు గుర్తింపు ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఇవి 7 మాత్రమే. చూపు, వినికిడి, కాళ్లు చేతుల సమస్యలే కాదు.. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఈ విషయం తెలియక కొందరు తల్లిదండ్రులు అసలు అప్లై చేయడమే లేదు.

స్కాలర్‌షిప్‌కు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసింది సదరం సర్టిఫికెట్. దేశమంతటా చెల్లేది యూడీఐడీ కార్డు. కార్డు రంగును బట్టే శాతం తెలిసిపోతుంది. 40 శాతం లోపు ఉంటే తెలుపు, 40 నుంచి 80 లోపు అయితే పసుపు, 80 ఆపైన నీలం. తాత్కాలిక సర్టిఫికెట్ ఉన్నవాళ్లు గడువు ముగిసేలోపే రెన్యువల్ చేయించుకోవాలి.

9, 10 తరగతులకు

ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ వీరి కోసమే. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదు. ఇంటి నుంచి వెళ్లి చదివేవారికి నెలకు రూ.500, హాస్టల్‌లో ఉంటే రూ.800 ఇస్తారు. పుస్తకాలకు ఏడాదికి రూ.1,000, వైకల్యాన్ని బట్టి మరో రూ.2 వేల నుంచి రూ.4 వేల వరకు అలవెన్స్ ఉంటుంది.

అంతకంటే చిన్న తరగతుల పిల్లలకు సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు ఇదే పథకంలో నెలకు రూ.200 చొప్పున 10 నెలల పాటు స్టైపెండ్ ఇస్తారు. ఇది ఇంటర్ దాకా వర్తిస్తుంది. 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు అన్నది గుర్తుంచుకోవాలి.

ఇంటర్ నుంచి పీజీ దాకా

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కూ ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలే. ఏడాదికి గరిష్ఠంగా రూ.1.5 లక్షల వరకు ట్యూషన్ ఫీజు తిరిగి ఇస్తారు. కోర్సును బట్టి నెలకు హాస్టల్ విద్యార్థికి రూ.1,600 వరకు, డే స్కాలర్‌కు రూ.750 వరకు మెయింటెనెన్స్ అందుతుంది. దేశం మొత్తానికీ కొత్తగా ఇచ్చేవి ఏటా 17 వేలు మాత్రమే. కాబట్టి మెరిట్ చూస్తారు.

ఐఐటీ, ఎన్ఐటీ లాంటి నోటిఫై చేసిన సంస్థల్లో సీటొస్తే టాప్ క్లాస్ స్కీమ్ ఉంది. దీనికి ఆదాయ పరిమితి రూ.8 లక్షలు. ఏటా 300 మందికే ఇస్తారు. ఐఐటీల్లో దివ్యాంగులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ అవుతుంది.

ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లకు సక్షమ్

ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో టెక్నికల్ డిగ్రీ లేదా డిప్లొమా మొదటి ఏడాదిలో చేరినవారు, లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాదిలో చేరినవారు దీనికి అర్హులు. ఆదాయం రూ.8 లక్షల లోపు ఉండాలి. ఏడాదికి రూ.50 వేలు నేరుగా ఖాతాలో పడతాయి. ఫీజుకే కాదు, కంప్యూటర్ కొనుక్కోవడానికీ వాడుకోవచ్చు.

పోస్ట్ మెట్రిక్‌లో వచ్చే మొత్తం ఎక్కువ, కానీ పోటీ ఎక్కువ. ఆదాయం రూ.2.5 లక్షలు దాటితే దానికి అవకాశమే లేదు. అలాంటి కుటుంబాలకు సక్షమ్ పెద్ద ఊరట. ఒకేసారి రెండు స్కాలర్‌షిప్‌లు తీసుకోవడం కుదరదు కాబట్టి ఏది లాభమో ముందే లెక్కేసుకోవాలి.

పీహెచ్‌డీ, విదేశీ చదువు

పీహెచ్‌డీ చేసేవారికి నేషనల్ ఫెలోషిప్ ఏటా 200 మందికి ఇస్తారు. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీకి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 20 మందికి అవకాశం, అందులో 6 మహిళలకు. వయసు 35 ఏళ్ల లోపు ఉండాలి.

సీటు విషయంలో హక్కులేంటి?

ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని చట్టం చెబుతోంది. గరిష్ఠ వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. మెడికల్ సీట్ల విషయంలో 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ఎంబీబీఎస్ సీటు నిరాకరించకూడదని, ఆ విద్యార్థి చదవగలడా లేదా అన్నది బోర్డు పరిశీలించాలని స్పష్టం చేసింది.

పరీక్షల్లో సహాయకుడు రాసే వెసులుబాటు ఉంది. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. సొంతంగా రాసుకునేవారికీ ఈ సమయం ఇవ్వాలని 2018 మార్గదర్శకాల్లో ఉంది. దీన్ని పరీక్ష రోజు అడిగితే లాభం లేదు. ఫీజు కట్టేటప్పుడే కోరాలి.

రోజూ కాలేజీకి వెళ్లలేకపోతే?

పది, ఇంటర్‌కు ఓపెన్ స్కూల్ ఉంది. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్, రెండు రాష్ట్రాల్లోనూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు నడుస్తున్నాయి. డిగ్రీకి ఇగ్నో, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నాయి. చూపు లేనివారు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో పుస్తకాలు పొందొచ్చు. మేధో వైకల్యం ఉన్న పిల్లల శిక్షణ, మార్గదర్శనానికి సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీని సంప్రదించవచ్చు.

అప్లికేషన్ ఎక్కడ ఆగుతోంది?

ప్రీ మెట్రిక్, పోస్ట్ మెట్రిక్, టాప్ క్లాస్, సక్షమ్.. అన్నిటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే అప్లై చేయాలి. ముందుగా వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. సబ్‌మిట్ నొక్కగానే పని అయిపోదు. స్కూల్ లేదా కాలేజీ నోడల్ అధికారి వెరిఫై చేస్తేనే ఫైలు పైకి వెళ్తుంది. వివరాల్లో తేడా ఉంటే అప్లికేషన్ 'డిఫెక్టివ్' అని వెనక్కి వస్తుంది. గడువులోగా సరిచేసి మళ్లీ పంపకపోతే ఆ ఏడాదికి అంతే.

అందుకే ఆధార్, మార్కుల మెమో, యూడీఐడీ మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో అడ్మిషన్లకు ముందే చూసుకోవాలి. డబ్బు ఆధార్ లింకైన ఖాతాలోనే పడుతుంది కాబట్టి బ్యాంకులో అడిగి నిర్ధారించుకోవాలి. మరుసటి ఏడాది రెన్యువల్ దానంతట అది కాదు, మళ్లీ అప్లై చేయాల్సిందే. గడువు తేదీలు ఏటా మారుతుంటాయి. అప్లికేషన్ పెట్టిన వారంలోపే కాలేజీ ఆఫీసుకు వెళ్లి వెరిఫై అయిందా అని అడగడం మాత్రం మర్చిపోవద్దు.