పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కాంట్రిబ్ మాడ్యూళ్లు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ మూలకోడ్‌లో ‘కాంట్రిబ్’ అనే డైరెక్టరీ ఉంది. వాడుకరులు రాసి ప్రాజెక్టుకు ఇచ్చిన అదనపు మాడ్యూళ్లలో ఎంపికైనవి అందులో ఉంటాయి. ఇవి కోర్ సర్వర్‌లో భాగం కావు. అయినా సర్వర్‌తో పాటే విడుదలవుతాయి, లోపం బయటపడితే మూలకోడ్‌ను మార్చే అధికారమున్న ప్రాజెక్టు కమిటర్లే సరిదిద్దుతారు. దేన్ని లోపలికి తీసుకోవాలి, దేన్ని కోర్‌లో కలపాలి, దేన్ని సాగనంపాలి అన్న ప్రశ్నలు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులన్నిటికీ ఎదురయ్యేవే. వాటికి జవాబులు ఎలా మారుతూ వచ్చాయో చూడడానికి కాంట్రిబ్ చరిత్ర మంచి ఆధారం.

ఈ డేటాబేస్ 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన పరిశోధనగా మొదలైంది. కొత్త డేటా రకాలనూ ఫంక్షన్లనూ వాడేవాళ్లే చేర్చుకునే వీలు ఉండాలన్నది దాని మూల సంకల్పం. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ దానికి ఎస్‌క్యూఎల్ జోడించారు. 1996లో ఇప్పటి పేరు వచ్చింది. పునాదిలోనే తలుపులు తెరిచిపెట్టిన కట్టడం కాబట్టి బయటివారి చేర్పులు వెల్లువెత్తాయి.

పరిమితమైన వాడుకరులకు పనికొచ్చేవి, ఇంకా ప్రయోగదశలో ఉన్నవి కాంట్రిబ్‌లో ఉంటాయని అధికారిక డాక్యుమెంటేషన్ చెబుతుంది. ఆచరణలో ఉపయోగం ఒక్కటే చాలదు, పోషణభారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. కోర్‌లోని ఒక అంతర్గత ఫంక్షన్‌ను మార్చిన కమిటర్, దాన్ని పిలిచే కాంట్రిబ్ కోడంతటినీ తానే దిద్దాలి. ప్రధాన వెర్షన్ ఒక్కొక్కదానికి ఐదేళ్ల మద్దతు ఇస్తారు గనుక, ఒక ప్యాచ్‌ను స్వీకరించడమంటే దాని రచయిత మరో ఉద్యోగంలోకి వెళ్లిపోయినా ఆ కోడ్‌ను సాకుతామని మాట ఇచ్చినట్టే. బయట విడిగా ఉన్న అదనపు మాడ్యూల్ (ఎక్స్‌టెన్షన్) విషయంలో ఆ శ్రమ దాని రచయితది.

ఈ భారానికి ప్రతిఫలమూ ఉంది. క్యూబ్, ఎల్‌ట్రీ వంటి మాడ్యూళ్లు కొత్త డేటా రకాలకు ఇండెక్స్‌లు కట్టుకునే వీలిచ్చే జిస్ట్ వ్యవస్థకు నమూనాలుగానూ పరీక్షలుగానూ పనికొస్తాయి. 2013లో 9.3 వెర్షన్‌తో వచ్చిన పోస్ట్‌గ్రెస్_ఎఫ్‌డీడబ్ల్యూ మరో పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లోని పట్టికలను చదివిస్తుంది. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌ల కోసం రాసిన అలాంటి మాడ్యూళ్లు మాత్రం బయటే ఉన్నాయి. బయటి డేటాను కలిపే ఇంటర్‌ఫేస్ సరిగ్గా నడుస్తోందని తేల్చడానికి ఇంట్లో ఒక్కటి ఉంటే చాలు. పరాయి డేటాబేస్ మారినప్పుడల్లా దాని వెంట పరుగెత్తాల్సిన పనిని నెత్తిన పెట్టుకోకపోవడం మంచి నిర్ణయమే.

కాంట్రిబ్‌లో రాటుదేలి కోర్‌కు చేరినవి కొన్ని. పాత వరుసల చెత్తను దానంతటదే శుభ్రంచేసే ఆటోవాక్యూమ్ 2003లో 7.4తో కాంట్రిబ్ మాడ్యూల్‌గా వచ్చి, 2005లో 8.1తో సర్వర్‌లో కలిసింది. మాస్కోకు చెందిన ఒలెగ్ బార్తునోవ్, తియదోర్ సిగాయెవ్ రాసిన టీసెర్చ్2 ద్వారా వచ్చిన పూర్తిపాఠ శోధన 2008లో 8.3తో కోర్‌కు చేరింది. పాత వాడుకరుల కోసం ఆ పేరుతో ఒక అనుకూలతా మాడ్యూల్‌ను 2017లో 10వ వెర్షన్ వచ్చేదాకా నిలిపి ఉంచారు. ఆ ఓపిక మెచ్చుకోదగ్గది.

తొలగింపు ఇంకా కష్టం. పాస్‌వర్డ్‌లను పాత, బలహీనమైన పద్ధతిలో దాచే సీహెచ్‌కేపాస్‌ను 2018లో 11వ వెర్షన్‌లో తీసేశారు. పీజీఅడ్మిన్ 3 కోసం ఉన్న అడ్మిన్‌ప్యాక్, ఆ ఉపకరణానికి కాలం చెల్లాక 2024లో 17వ వెర్షన్‌తో నిష్క్రమించింది. ఎక్స్‌ఎంఎల్ పత్రాలతో పనిచేసే ఎక్స్‌ఎంఎల్2 కథ వేరు. 8.3లో ఎక్స్‌ఎంఎల్ సౌకర్యాలు కోర్‌లోకి రాగానే దీన్ని 8.4లో తీసేస్తామని రాశారు. కానీ అందులోని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ రూపాంతరణకు కోర్‌లో ప్రత్యామ్నాయం లేదు. 17వ వెర్షన్‌లోనూ అది ఉంది. ఒకసారి లోపలికి వచ్చినదాన్ని బయటికి పంపాలంటే, దానిమీద ఆధారపడ్డ ప్రతివాడికీ వేరే దారి చూపించాలి.

బయట ఉండిపోవడం తక్కువతనమేమీ కాదు. భౌగోళిక సమాచారానికి అందరూ వాడే పోస్ట్‌జీఐఎస్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది, పోస్ట్‌గ్రెస్‌ది బీఎస్‌డీ తరహా లైసెన్స్, కాబట్టి రెంటినీ ఒకే మూలకోడ్‌లో కలపడం కష్టం. కాంట్రిబ్‌లోని ఎర్త్‌డిస్టెన్స్ భూమిని పరిపూర్ణ గోళంగా లెక్కిస్తుంది. అంతకన్నా కచ్చితత్వం కావాలంటే పోస్ట్‌జీఐఎస్ చూడమని దాని డాక్యుమెంటేషనే సూచిస్తుంది. 2011లో 9.1తో వచ్చిన ‘క్రియేట్ ఎక్స్‌టెన్షన్’ ఆదేశం ఇలాంటివాటిని స్థాపించడం, అప్‌గ్రేడ్ చేయడం సులువు చేసింది. దాంతో కాంట్రిబ్‌లో చోటు కోసం పట్టుబట్టాల్సిన అవసరం బాగా తగ్గింది.

ఇతర ప్రాజెక్టులూ ఇదే దిశగా నడిచాయి. రెడ్ హ్యాట్ ఆధ్వర్యంలోని సర్వర్ల నిర్వహణ ఉపకరణం ఆన్సిబుల్, ఒకేచోట పోగుపడ్డ వేల మాడ్యూళ్లను 2020లో 2.10తో వేర్వేరు కలెక్షన్లుగా విడదీసింది. పైథాన్ 2024లో 3.13 నుంచి 19 పాత లైబ్రరీ మాడ్యూళ్లను తొలగించింది.

అయితే క్లౌడ్ వచ్చాక కాంట్రిబ్ ముద్రకు మళ్లీ విలువ పెరిగింది. అమెజాన్ ఆర్‌డీఎస్ వంటి క్లౌడ్ డేటాబేస్ సేవల్లో వాడుకరి తనకు నచ్చిన సి కోడ్‌ను సర్వర్‌లో ఎక్కించలేడు, సంస్థ అనుమతించిన జాబితాకే పరిమితం కావాలి. ఆ జాబితాలో కాంట్రిబ్ మాడ్యూళ్లు చాలా ఉంటాయి. బయటివి కూడా చోటు సంపాదించుకుంటున్నాయి. వెక్టర్ల శోధన కోసం 2021లో ఆండ్రూ కేన్ మొదలుపెట్టిన పీజీవెక్టర్ కాంట్రిబ్‌లో చేరకుండానే క్లౌడ్ సంస్థల ఆమోదం పొందింది. పోస్ట్‌గ్రెస్ ప్రధాన వెర్షన్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పీజీవెక్టర్ ఆ గడువుకోసం ఆగకుండా 2023లో తన 0.5.0 విడుదలలోనే దగ్గరి వెక్టర్లను వేగంగా వెతికే హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్‌ను అందించగలిగింది.