దూకితేనే మేత

మన పల్లెల్లో కంచెకు ఉన్నది ఒకటే అర్థం. లోపల చేను, వెలుపల పశువు. అడ్డుకోవడమే కంచె ధర్మం. ఆ ధర్మం తప్పిన కంచె మీద సామెత ఉండనే ఉంది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు పశుక్షేత్రాలలో, అంటే రాంచ్‌లలో (మన రాంచీ కాదు సుమా!), దీనికి భిన్నమైన కంచె ఒకటి కనిపిస్తుంది. దాని లోపల పైరంటూ ఏమీ ఉండదు. నడిమధ్యన మూడు కాళ్ళ మీద నిలబెట్టిన పీపా, పీపా నిండా మొక్కజొన్న గింజలు. చుట్టూ వలయాకారంలో మొలలోతు ఇనుపవల. చాలావాటికి జంతువు నడిచి రావడానికి దారే ఉండదు. లోపలి మేత కావాలంటే దూకి రావలసిందే. జింక దూకుతుంది. పందికి సాధారణంగా చేతకాదు. ఆవు ప్రయత్నించదు.

ఆ వల ఎత్తు మామూలుగా 34 అంగుళాలు. ఆ 34 అంగుళాల వెనుక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉన్నదని నాకనిపిస్తుంది. ఆ వైనమే ఈ వ్యాసం.

టెక్సస్ మైదానాలు ఒకప్పుడు కంచెలెరుగవు. ఎవరి పశువులైనా ఎక్కడైనా మేసేవి. 1874లో ఇల్లినాయ్‌కి చెందిన జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. పదేళ్ళు తిరక్కుండానే ఆ తీగ బహిరంగ మైదానాన్ని ముక్కలు చేసింది. 1883 కరవులో నీళ్ళకూ గడ్డికీ దారి మూసుకుపోయినవాళ్ళు రాత్రివేళ ముసుగులు వేసుకొని కంచెలు తెగగోశారు; ప్రాణాలు కూడా పోయాయి. 1884లో శాసనసభ కంచె కోయడాన్ని ఘోరనేరంగా ప్రకటించింది. అదే సమయంలో, దారికి అడ్డంగా వేసిన కంచెలకు ప్రతి మూడు మైళ్ళకూ ఒక గేటు ఉండాలని కూడా ఆజ్ఞాపించింది. ఎవరూ పూర్తిగా గెలవలేదు గానీ నేల మాత్రం సొంతదారులది అయింది. 1845లో అమెరికాలో కలిసేటప్పుడే టెక్సస్ తన ప్రభుత్వ భూములను తానే ఉంచుకొని, తర్వాత వాటిని అమ్ముకుంది. ఈనాడు అక్కడి నేలలో నూటికి తొంభై అయిదు పాళ్ళు ప్రైవేటుదే.

నేల ఒకరిదైంది సరే, జింక ఎవరిది? చట్టం ప్రకారం అడవి జంతువు రాష్ట్ర ప్రజలందరిదీ. నా పొలంలో నా గడ్డి మేసి, నా చెరువులో నీళ్ళు తాగినా ఆ జింక నాది కాదు. ఈ చిక్కుముడి గుర్తుంటే గానీ తక్కిన కథ బోధపడదు.

పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి తెల్లతోక జింక దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. తోలుకోసం, మాంసంకోసం బజారు వేట సాగింది. ఒకనాడు కోట్లలో ఉన్నవి 1900 నాటికి అమెరికా మొత్తం మీద అయిదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. ఆ ఏడు వచ్చిన లేసీ చట్టం దొంగవేట సరుకును రాష్ట్రాల సరిహద్దు దాటించడాన్ని నేరం చేసింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో తుపాకుల మీద, తూటాల మీద పన్ను వన్యప్రాణుల పోషణకు మళ్ళింది. ఆ సొమ్ముతో జింకలు మిగిలినచోట పట్టి, లేనిచోటికి లారీలలో తరలించి వదిలారు. వేటగాడి తూటాతోనే జింకకు బతుకు ఏర్పాటు కావడం విడ్డూరంగా ఉన్నా నిజం.

అయినా చట్టాలకంటే జింకకు ఎక్కువ మేలు చేసింది ఒక ఈగ చావు అంటాను నేను. స్క్రూవర్మ్ అనే పురుగు ఒకటుండేది. దాని తల్లి ఈగ పచ్చిపుండు మీద గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు బతికిన మాంసాన్నే తొలుచుకు తింటాయి. అప్పుడే పుట్టిన జింకకూన బొడ్డు కన్నా పచ్చిపుండు ఏముంటుంది? ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆడ ఈగ సాధారణంగా ఒకేసారి జతకడుతుందన్న సంగతిని ఆయుధం చేసుకున్నారు. మగ ఈగలను కోట్ల సంఖ్యలో పెంచి, రేడియేషన్‌తో గొడ్డువాటిని చేసి, విమానాల నుంచి వదలడమే ఉపాయం. 1954లో క్యూరసావ్ దీవిలో అది ఫలించింది. 1962లో టెక్సస్‌లో మొదలైంది. రాంచర్లు స్వయంగా చందాలు వేసుకున్నారు. 1966 నాటికి దేశం విముక్తమైందన్నారు, తర్వాత మళ్ళీ కొన్ని దాడులు జరిగినా 1982తో ఆ పీడ వదిలింది. (2025లో ఈ పురుగు మెక్సికో ఉత్తర భాగం దాకా తిరిగి వచ్చినప్పుడు టెక్సస్ ఎందుకంత కలవరపడిందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.)

ఈలోగా 1950 నుంచి 1957 వరకు సాగిన మహాకరవు రాంచర్ల నడ్డి విరిచింది. పశువు మీద బతకలేనివాడు వేట కౌలు మీద బతకడం నేర్చుకున్నాడు. అక్కడే ఆ చిక్కుముడికి విప్పు దొరికింది. జింకను అమ్మే హక్కు అతనికి లేదు. తన గేటు తెరిచే హక్కు ఉంది. పట్టణవాసి డబ్బు కట్టేది జింకకు కాదు, లోపల అడుగుపెట్టడానికి. మరి ఆ జింక ఆ వేళకు అక్కడే ఉంటుందన్న నమ్మకం ఏమిటి? అందుకే మొక్కజొన్న. పీపా అడుగున బ్యాటరీతో బొంగరంలా తిరిగే పళ్ళెం గడియారం ప్రకారం తెల్లవారుజామునా, సాయంసంధ్యనా గింజలు విసురుతుంది. చట్టం కట్టేయవద్దన్న జంతువును విందుకు పిలవడం అన్నమాట!

పిలవని పేరంటంగా పంది వచ్చింది. 1542లో డి సోటో దండయాత్రలోని స్పెయిన్ సైనికులు టెక్సస్‌కు వచ్చినప్పటినుంచీ అక్కడ పంది ఉంది. వలసరైతులు వదిలేసిన పందులు అడవి పట్టాయి, 1930ల్లో వేటసరదాకు తెచ్చిన ఐరోపా అడవిపందులు వాటితో కలిశాయి. ఈగ పోయాక జింకతోపాటు పందిపిల్ల కూడా బతికింది. జింకకు పోసిన మొక్కజొన్న పంది కూడా తిన్నది. జింకకు మనిషి చేసిన ప్రతి ఉపకారమూ పందికి కూడా అందింది. ఈనాడు టెక్సస్‌లో పాతిక లక్షలకు అటూ ఇటూగా పందులుంటాయని అంచనా. 2011లో హెలికాప్టర్ నుంచి కాల్చడానికి కూడా డబ్బుపుచ్చుకొని వేటగాళ్ళను ఎక్కించుకోవచ్చని చట్టం చేశారంటే బాధ ఏపాటిదో తెలుస్తుంది. మన తెలంగాణ రైతు అడవిపందికి చేను చుట్టూ పాతచీరలు కడతాడు. ఆ వ్యథ, ఈ వ్యథ ఒకటే.

దాని ఫలమే ఈ కంచె. దీని నిర్మాణంలో నాకు ముచ్చట గొలిపే లెక్క ఉంది. ఒక్కో వలపలక పొడవు 16 అడుగులు. ఇరవై పలకలు వలయంగా కలిపితే చుట్టుకొలత 320 అడుగులు, అడ్డం నూరడుగుల పైచిలుకు. అంత పెద్దదెందుకు? పళ్ళెం విసిరిన గింజ కంచె అవతల పడితే పంది అక్కడే కాపురం పెట్టి, మూతితో వల అడుగును ఎత్తడం మొదలుపెడుతుంది. పైగా ఇరుకైనచోట దూకడానికి జింక జంకుతుంది. లోపల మరో జింక తరిమితే పారిపోయే చోటుండాలి. పలక చివరలనే కాక నడుమ కూడా ఒక ఇనుప గుంజ పాతి, అడుగుతీగను నేలకు అంటేటట్టు బిగించాలి. పంది బలం పైకెత్తే మెడలో ఉంది మరి. వల కింది భాగంలో తీగలు దగ్గరదగ్గరగా ఉండేది పందిపిల్లలు దూరకుండా. ఇంత చేసినా పీపా కాళ్ళెక్కి దోచుకునే రాకూన్ ముందు మాత్రం ఈ కంచె దిగదుడుపే.

ఈ కథలో మనవాళ్ళు కూడా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను 1932లో టెక్సస్‌లోని కెర్ కౌంటీలో వదిలారు; మనం మనుబోతు అనే నీల్గాయ్ ఇంచుమించు ఆ కాలంలోనే కింగ్ రాంచ్ చేరింది. పాకిస్తాన్‌లో కృష్ణజింక నశించిపోతే 1970ల్లో టెక్సస్ నుంచే తెప్పించుకున్నారు. ఇక్కడ 1972 చట్టం దాన్ని తాకనివ్వదు. అక్కడ అది పరదేశి గనుక భూస్వామి సొత్తు, ఏడాది పొడుగునా వేటకు అర్హం. తమాషా ఏమిటంటే, మైదానంలో అంతంత గెంతులు వేసే కృష్ణజింక అక్కడి కంచెలను మాత్రం దూకడం కన్నా కిందినుంచి దూరడానికే ఇష్టపడుతుంది. కాబట్టి ఈ విందులో దానికి ఆకు వేయడం కష్టమే.

పంది సమస్య తీరితే మరొకటి మిగిలే ఉంది. జింకలను ఎముకల గూళ్ళుగా మార్చి చంపే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి, మందు లేనిది, 2012లో టెక్సస్ పశ్చిమాన హ్యూకో కొండల మ్యూల్ జింకలలో మొదట కనబడింది. 2015లో మెడీనా కౌంటీలో పెంపకపు జింకలలో తేలింది. లాలాజలం ద్వారా కూడా అంటుతుంది. పది మూతులు ఒకే నేల మీద గింజలేరుకునే చోటు దానికి అనువైన చోటు. పందిని ఆపిన 34 అంగుళాలు దీన్ని ఆపవు. ఆ ఎత్తు తొలి నెలల్లో జింకకూనను కూడా ఆపుతుంది; తల్లి లోపల మేస్తూ ఉంటే కూన బయట నిలబడుతుంది. అందుకని కొందరు రాంచర్లు ఒకచోట పైతీగలు కత్తిరించి ఎత్తు తగ్గిస్తారు. ఎంత తగ్గించాలన్నది కూన కాళ్ళను, పంది ధైర్యాన్ని చూసుకొని ఎవరికి వారు తేల్చుకునే విషయం.