వేపమండ కట్టిన గుమ్మాలు

నెల్లూరు పేరు చెప్తే జనానికి మొలకొలుకుల బియ్యమో, చేపల పులుసో గుర్తుకు రావడం రివాజు. 2020 మార్చి 12న దానికి ఇంకో ఖ్యాతి కూడా అంటుకుంది. ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద మొట్టమొదటి కరోనా కేసు మా ఊళ్ళోనే తేలింది, ఇటలీ నించి వచ్చిన ఒక కుర్రవాడికి. ఆ అబ్బాయి ఆ నెల్లోనే కోలుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. కానీ అంతలోకే దేశమంతా తలుపులు మూసుకుంది.

ఆ తేదీలు మీకూ గుర్తుండే ఉంటాయి. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, సాయంత్రం అయిదింటికి చప్పట్లు, పళ్ళేల మోత. 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో కనిపించి 21 రోజులు ఇంట్లోనే ఉండమన్నారు. గుమ్మం ముందు లక్ష్మణరేఖ గీశామనుకోమన్నారు. (ఆ కథలో గీతకి లోపల ఉన్నది ఆడమనిషేనన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు కాబోలు!) తెల్లవారితే ఉగాది. వికారి వెళ్ళి శార్వరి వచ్చింది. శార్వరి అంటే రాత్రి. అరవై పేర్లూ పెట్టినవాళ్ళు మహా ముందుచూపున్నవాళ్ళని మా ఇంట్లో నవ్వుకున్నాం. పచ్చడికి మామిడికాయ దొరకలేదు. వేపపువ్వుకి మాత్రం కొదవలేదు, చెట్టు పెరట్లోనే ఉంది గనక.

ఆ వేపచెట్టు కింద నిలబడితే మా అమ్మమ్మ చెప్పిన మశూచి రోజులు జ్ఞాపకం వచ్చాయి. ఇంట్లో ఒకరికి అమ్మవారు పోసిందంటే ముందుగా చేసే పని గుమ్మానికి వేపమండ కట్టడం. అంతే, వీధంతటికీ సంగతి తెలిసిపోయేది. పరాయివాళ్ళు లోపలికి రారు. ఆ ఇంటివాళ్ళు పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళరు. పొయ్యిమీద తిరగమోత వెయ్యకూడదు. రోగికి మజ్జిగన్నం, పక్కలో వేపాకు. తల్లి దిగి, పసుపూ వేపాకూ వేసిన నీళ్ళు తలమీద పోసేదాకా ఇదే వరస. మా అమ్మమ్మ చెంపల మీద ఆ గుంటలు కడదాకా ఉన్నాయి. వాటిని చూపించి మరీ చెప్పేది.

అదంతా మూఢనమ్మకమని కాలేజీలో చదువుకునే రోజుల్లో నేను తీసిపారేసేదాన్ని. రోగం అమ్మవారి కోపం వల్ల రాదు, నిజమే. 1975తో మన దేశంలో మశూచి ఆఖరైంది. 1980లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాన్ని తరిమింది టీకా గానీ వేపమండ కాదు. ఐతే ఆ మండ చేసిన పని ఒకటుంది. లోపలివాళ్ళని లోపల, బయటివాళ్ళని బయట ఉంచేది. అంతకంటే ముఖ్యం, మండ కట్టిన ఇంటికి అన్నం బయటినించి వచ్చేది. పొద్దున్నే ఎవరో ఒకరు మజ్జిగ ముంత అరుగు మీద పెట్టి, కేకేసి వెళ్ళిపోయేవాళ్ళుట. అలా పెట్టకపోతే ఆ ఇల్లు మూసి ఉండేదా? ఆకలేసినవాడు తలుపు తియ్యక ఏం చేస్తాడు!

2020లో చిక్కంతా అక్కడే వచ్చింది. అన్ని గుమ్మాలకీ ఒకేసారి మండ కట్టాం. ఇక ముంత పట్టుకొచ్చేదెవరు?

ప్రభుత్వం చేతిలో ఉన్న చట్టం పాతది. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు 1897లో తెల్లదొరలు చేసింది, గట్టిగా నాలుగు సెక్షన్లు. అందులో అధికారుల హక్కులున్నాయి గానీ మూసిన ఇంటి పొయ్యి ఊసు లేదు. పల్లెల్లో జనం చట్టం కోసం ఆగలేదు. ఊరి మొదట్లో ముళ్ళకంప అడ్డం వేసుకున్నారు. నెలజీతం వచ్చే మా బోటి ఇళ్ళల్లో ఇబ్బంది చాకిరీ రూపంలో వచ్చింది. పనిమనిషిని రావద్దన్నాం. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే. మగవాళ్ళకి గంటకోసారి కాఫీ కావాలి, పిల్లలకి ఫోన్లో పాఠం కావాలి. అలిసిపోయాం, విసుక్కున్నాం. కానీ పస్తు పడుకోలేదు.

పస్తు సంగతి సముద్రం ఒడ్డున తెలిసింది. మా వీధికి చేపలు తెచ్చే ఆమెది మైపాడు వైపు ఒక పాళెం. ఆ పాళేల్లో పెద్దకాపులు దురాయి వేశారంటే ఎవరూ గీత దాటరు. అంచేత తలుపులు మూసుకోమంటే వాళ్ళకది కొత్త కాదు. ఏప్రిల్లో ఒకనాడు నేనే ఫోను చేశాను.

"ఏం చెప్పేదమ్మా," అంది. "సముద్రం తెరిచే ఉండాది. మా తలుపులే మూసేసినారు."

వలకి వెళ్ళినా కొనేవాడు లేడు. మంచు లేదు, లారీ లేదు, ఆమె గంప నెత్తిన పెట్టుకుని వస్తే ఆపే పోలీసు మాత్రం ఉన్నాడు. ఏప్రిల్ 10న కేంద్రం చేపలవేటకి సడలింపు ఇచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు 15వ తేదీ వచ్చింది. ఆ రోజు నించి చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. మామూలుగా 61 రోజులు. ఆ ఏడు కనికరించి మే 31తో ఆపేశారు, 47 రోజులన్నమాట. ఎటు లెక్కేసినా వాళ్ళకి మిగిలింది అయిదు రోజులు.

ముంత రాలేదని అనను. మార్చి ఆఖర్లో రేషన్ బియ్యం, కిలో కందిపప్పు ఉచితంగా ఇచ్చారు. ఏప్రిల్లో వెయ్యి రూపాయలు వాలంటీర్లు ఇంటికే తెచ్చిచ్చారు. వేట లేని కాలానికి మత్స్యకార కుటుంబానికి పదివేలు మే నెలలో అందాయి. "పప్పు తిని తిని నోరు చచ్చిపోయిందమ్మా, చేప కావాలని పిల్లోళ్ళు ఏడస్తా ఉండారు" అంది ఆమె. సముద్రం పక్కనుండి పప్పన్నం తినడమేమిటని ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆమె ఇంకో మాట కూడా అంది, గొంతు తగ్గించి. మందు దుకాణాలు మూసినన్నాళ్ళూ ఇంట్లో నిద్రపట్టిందిట. ఈ మాటకి మా జిల్లాలో చరిత్ర ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు, అక్షరదీపం పాఠాల్లో సీతమ్మ కథ చదివి, సారా దుకాణం మీదికి వెళ్ళారు. ఆ ఊపుకి 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆగిపోయాయి. 1997లో మళ్ళీ తలుపులు తెరిచారు. 2020లో ఏ ఉద్యమమూ లేకుండానే ఓ నలభై రోజులు మూతపడ్డాయి. మే 4న తెరిచేసరికి మైళ్ళ బారులు. మర్నాటికల్లా ధర 75 శాతం పెంచారు. తాగేవాడు మానలేదు, పెరిగిన ధర ఇంటి ఖర్చులోంచి పోయింది. ఆ 40 రోజులు అన్ని ఇళ్ళల్లోనూ ప్రశాంతంగా గడిచాయనీ చెప్పను. భర్తల హింస మీద జాతీయ మహిళా కమిషన్‌కి ఫిర్యాదులు పెరిగింది కూడా అప్పుడే.

భయం కూడా మనుషుల్ని మార్చేసింది. నెల్లూరులో వైద్యం చేసిన ఒక డాక్టరు ఏప్రిల్లో కరోనాతో చెన్నైలో పోతే, అంబత్తూరు శ్మశానంలో దహనానికి అక్కడి జనం ఒప్పుకోలేదు. అదే నెలలో నిజామాబాద్ జిల్లా నించి ఒక పంతులమ్మ, నెల్లూరు వైపు చిక్కుకుపోయిన కొడుకు కోసం పోలీసుల అనుమతి చీటీ పట్టుకుని, ఒంటరిగా స్కూటర్ మీద వచ్చింది. రానూ పోనూ 1400 కిలోమీటర్లు. దారిలో తినడానికి రొట్టెలు కట్టుకుందిట. పేపర్లో చదివి మా అమ్మ కళ్ళు తుడుచుకుంది.

మరుసటేడు రెండో విడత వచ్చింది. ఆస్పత్రుల్లో మంచం లేదు, ఆక్సిజన్ లేదు. 2021 మేలో ఏడాది క్రితం గడప దాటని జనమే కృష్ణపట్నానికి వేలకు వేలుగా విరుచుకుపడ్డారు, ఆనందయ్య నాటుమందు కోసం. పంపిణీ ఆపి, పరీక్షలు చేసి, కంటిచుక్కలకి కాకుండా తక్కినవాటిలో కొన్నింటికి మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని లేదన్నారు గానీ కరోనా తగ్గుతుందని రుజువు కాలేదు. అలా ఎగబడ్డవాళ్ళని మూర్ఖులని చాలామంది రాశారు. నేను రాయలేను. ఇంట్లో మనిషికి ఊపిరి అందకపోతే, పిలిస్తే పలికే ఆస్పత్రి లేకపోతే, ఎవరు పిలిచినా వెళ్తాం.

మా ఊళ్ళో మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్ళు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలోంచి రొట్టె తీసుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె. తీరాక మళ్ళీ వచ్చి, నీళ్ళల్లో నిలబడి, ఇంకొకరికి అలాంటి రొట్టే ఇవ్వాలి. హిందువులూ ముస్లిములూ అని తేడా లేదు. 2020లో, 2021లో జనాన్ని రానివ్వలేదు. 2019లో రొట్టె పుచ్చుకుని, కోరిక తీరినవాళ్ళు తిరిగి ఇవ్వడానికి 2022 ఆగస్టుదాకా ఆగాల్సి వచ్చింది.