గోంగ్‌హ: ఇద్దరా, ఒక్కడా?

చైనా అధికారిక నామంలో ఏడు లిపి గుర్తులున్నాయి. చివరి మూడు గోంగ్, హ, గువో. గువో అంటే దేశం. దాని ముందున్న జంట గోంగ్‌హ, మనం రిపబ్లిక్ అనేదానికి వాళ్ల మాట. విడదీస్తే గోంగ్ అంటే ఉమ్మడి, హ అంటే పొందిక. నలుగురూ కలిసి పొందికగా నడుపుకునే రాజ్యమన్న అర్థం దానంతటదే పలుకుతుంది. పాశ్చాత్య భావన కోసం ఎవరో పండితుడు కుదిర్చిన కొత్త సమాసం కాబోలు అనిపిస్తుంది. నిజానికి ఈ మాటకు 2,800 ఏళ్లు పైబడ్డాయి. పుట్టుకలోనే ఒక తగాదా ఉంది. రాజు లేని ఒకానొక కాలంలో ఆ దేశాన్ని ఇద్దరు కలిసి ఏలారా, ఒక్కడే ఏలాడా?

క్రీ.పూ. 9వ శతాబ్దంలో జౌ వంశంలో లీ అనే రాజు ఉండేవాడు. రాబడినంతా తనొక్కడే గుప్పిట పట్టాలని చూశాడు. ఆ పనికి పాత గ్రంథాలు వాడిన మాట జువాన్‌లీ, అంటే లాభాన్ని ఒక్కరే అనుభవించడం. ఇవాళ చైనీస్‌లో పేటెంట్‌ను అదే మాటతో పిలుస్తారు. జనం తిట్టుకున్నారు. రాజు ఒక మంత్రగాణ్ణి పిలిపించి, ఎవరు నోరు విప్పుతున్నారో కనిపెట్టమన్నాడు. అతను వేలెత్తి చూపినవాడి ప్రాణం పోయేది. ఇక దారిలో ఎదురుపడ్డ వాళ్లు మాటలు మానేసి కళ్లతోనే పలకరించుకునేవారట. గొణుగుడు ఆగిపోయిందని రాజు మురిసిపోతుంటే షావ్ ప్రభువనే మంత్రి హెచ్చరించాడు. జనం నోటికి కట్ట వేయడం నదికి వేయడంకన్నా ప్రమాదమనీ, కట్ట తెగితే ఎందరో కొట్టుకుపోతారనీ చెప్పాడు. రాజు వినలేదు. మూడేళ్లకు రాజధాని జనం తిరగబడ్డారు. రాజు ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయాడు. యువరాజు షావ్ ఇంట్లో దాక్కున్నాడని తెలిసి జనం ఆ ఇంటిని చుట్టుముట్టారు. షావ్ యువరాజుకు బదులు తన కన్నకొడుకును వాళ్ల చేతికిచ్చాడు.

సింహాసనం ఖాళీ అయింది. అప్పుడు షావ్ ప్రభువు, జౌ ప్రభువు ఇద్దరూ కలిసి రాజ్యం నడిపారనీ, ఆ కాలానికే గోంగ్‌హ అని పేరనీ మహా చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. మొదటి ఏడు క్రీ.పూ. 841. చైనా చరిత్రలో ఏడాదికేడాది లెక్క తెగకుండా దొరికేది ఆ సంవత్సరం నుంచే. సామంత రాజ్యాల కాలపట్టికను సిమా చియెన్ అక్కడే మొదలుపెట్టాడు. అంత పెద్ద నాగరికతకు రూఢిగా తెలిసిన మొట్టమొదటి తేదీ, రాజు గద్దె మీద లేని ఏడాది కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక రెండో కథ. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఒక పాత సమాధిలో వెదురు బద్దల మీద రాసిన వార్షిక చరిత్ర బయటపడింది. దాని ప్రకారం రాజు స్థానంలో పాలించినవాడు ఒక్కడే, గోంగ్ అనే చోటి ప్రభువు. ఆ చోటు నేటి హెనాన్ రాష్ట్రంలోని హుయిషియెన్ ప్రాంతం. ఆ ప్రభువు సొంత పేరు హ. రాతలో అవే రెండు గుర్తులు. పలకడంలో మాత్రం తేడా ఉంది. ఉమ్మడి అన్నప్పుడు గోంగ్‌ను నాలుగో స్వరంలో, దించి పలుకుతారు. ఊరి పేరుకు మొదటి స్వరం, ఎత్తి సాగదీయాలి. స్వరం మారిందా, ఉమ్మడి పొందిక కాస్తా ఒక మనిషి పేరైపోతుంది. 2008లో చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి చేరిన 2,000కు పైగా వెదురు బద్దలు సిమా చియెన్ కంటే పాతవి. వాటిలోనూ గోంగ్ ప్రభువు హ ప్రస్తావనే ఉంది. ఇప్పుడు పండితుల మొగ్గు అటువైపే.

సిమా చియెన్‌ను తప్పుపట్టబుద్ధి కాదు. చక్రవర్తి ముందు ఓడిపోయిన సేనాని పక్షాన ఒక మాట మాట్లాడినందుకు వృషణచ్ఛేద శిక్ష అనుభవించిన మనిషి ఆయన. ఒక్కడి కోపం ఏం చేయగలదో ఒంటి మీద భరించిన మనిషి, రాజు లేని ఆ 14 ఏళ్లలో ఇద్దరు కూర్చుని ఒకరి మాట ఒకరు విన్న దృశ్యాన్ని చూశాడు. చరిత్రగా అది నిలవకపోవచ్చు. మాటకు అర్థంగా మాత్రం అదే నిలిచింది. దేశం పేరులో ఉన్న గోంగ్‌హ ఊరి ప్రభువు కాదు, సిమా చియెన్ చూసిన ఇద్దరు.

హ గుర్తు పాత రూపం ఇంకా అందమైనది. కంచు పాత్రల మీది శాసనాల్లో దాని పక్కన వేణువుల గుత్తి బొమ్మ ఉంటుంది. వేర్వేరు గొట్టాలు, వేర్వేరు శ్రుతులు, అన్నీ కలిసి ఒక రాగం. క్రీ.పూ. 522లో చీ రాజ్యపు మంత్రి యెన్ యింగ్ ఈ మాటను తన ప్రభువుకు విడమరిచి చెప్పాడు. నాతో పొందిక ఉన్నది ఫలానా ఆస్థానీకుడికే అని ప్రభువు మెచ్చుకుంటున్నాడు. అది పొందిక కాదు, వంతపాట అన్నాడు యెన్ యింగ్. పొందిక అంటే చారు కాచడం. నీళ్లు, నిప్పు, పులుపు, ఉప్పు, చేప, మాంసం దేనికదే వేరు. వంటవాడు తక్కువైంది కలుపుతాడు, ఎక్కువైంది తగ్గిస్తాడు. ప్రభువు సరే అన్నదాంట్లో కాదనదగ్గది చూపించేవాడు మంత్రి. ప్రభువు అవునంటే అవును, కాదంటే కాదు అనేవాడు నీళ్లలో నీళ్లు కలుపుతున్నాడు. ఆ చారు ఎవరు తాగుతారు? అధికారాన్ని పంచుకోవడం గురించి ప్రపంచంలో ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా చెప్పారా అని నాకు సందేహం. పంచుకోవడమంటే కుర్చీల లెక్క కాదు, కాదనగలగడం.

గోంగ్‌హ అన్న మాట 19వ శతాబ్దంలో జపాన్ మీదుగా మళ్లీ పుట్టింది. 1845లో డచ్ పుస్తకాల ఆధారంగా భూగోళం రాస్తున్న మిత్సుకురి షోగో అనే యువకుడికి, రాజు లేని దేశాన్ని ఏమనాలో తోచలేదు. చైనా గ్రంథాలు చదువుకున్న ఒత్సుకి బాన్‌కేయ్ ఈ పాత గోంగ్‌హ ముచ్చట చెప్పి మాట అందించాడు. అది చైనాకు తిరిగొచ్చి, 1912 ఫిబ్రవరి 12న చివరి చక్రవర్తి పదవి వదులుకుంటూ వెలువడిన ప్రకటనలో చేరింది. దాన్ని చేతబట్టుకుని అధ్యక్షుడైన యువాన్ షికాయ్ నాలుగేళ్లు తిరక్కుండానే తనే చక్రవర్తినన్నాడు. ఆ వేషం మూణ్ణెల్లు కూడా నిలవలేదు.

మన గణతంత్రం సంగతి వేరు. గణం ఒక వ్యవస్థ పేరు. వజ్జుల వంటి గణాలు తరచూ సభ తీరేవనీ, కలిసి కూర్చుని కలిసి లేచేవనీ బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఎలా నడవాలో ఆ మాటకు కాస్తయినా గుర్తుంది. గోంగ్‌హ ఒక సంఘటన పేరు, అదీ సందేహం ఉన్న సంఘటన. సభ ఎవరు పిలవాలి, మాట కుదరకపోతే ఏం చేయాలి, ఎప్పుడు దిగిపోవాలి అన్నవేవీ అది చెప్పదు. మంచి మనుషులు దొరికారు కాబట్టి నడిచిందంటుంది, అంతే. కమ్యూనిస్టు పార్టీ అగ్రనాయకత్వంలో అధికార పంపకం కథ అంతా ఈ లోటు చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

మావో పోయిన నాలుగేళ్లకు, 1980 ఆగస్టు 18న, డెంగ్ సియావోపింగ్ పార్టీ రోగాల జాబితా చదివారు. అధికారం ఒక్కచోట పోగుపడటం, ఇంటిపెద్ద తరహా పెత్తనం, చచ్చేదాకా పదవి, వ్యక్తిపూజ. వాటిలో యీయెన్‌తాంగ్ అని ఒకటుంది. ఒక్క మాట మండపం అని అక్షరార్థం. పూర్వం అంగళ్ల గుమ్మం మీద ఈ మూడు గుర్తులూ రాసిన పలక వేలాడదీసేవారు. ఇక్కడ ఒకటే ధర, బేరాలు లేవని దానర్థం. అంగట్లో అది నిజాయితీకి గుర్తు. కమిటీ గదిలోకి వచ్చేసరికి కార్యదర్శి చెప్పిందే ఖరారు, మిగతావాళ్లు సంచీ పట్టుకుని నిలబడాల్సిందే అన్న అర్థం వచ్చింది. ఆ మాట వాడినప్పుడు డెంగ్‌కు వయసు 75. మూడుసార్లు పదవి ఊడి, సాంస్కృతిక విప్లవంలో ట్రాక్టర్ మరమ్మతు కర్మాగారంలో పనిచేసి వచ్చిన మనిషి. గదిలో ఉన్నవాళ్లలో చాలామందికి అలాంటి గాయమే ఉంది. పంచుకుందామన్న ఒప్పందాన్ని నిలబెట్టింది ఆ జ్ఞాపకం.

1982లో పార్టీ ఛైర్మన్ పదవిని రద్దు చేశారు. ఛైర్మన్‌కు చైనీస్ మాట జూషీ, సభలో ముఖ్యమైన చాప అని. నక్సలైట్ల నినాదాల్లో మన శ్రీకాకుళం దాకా వచ్చిన ఛైర్మన్ వెనక ఉన్నది ఆ చాపే. దాన్ని చుట్టేసి ప్రధాన కార్యదర్శిని మిగిల్చారు. షూజీ అనే ఆ పదానికి పాత అర్థం రాతకోతలు చూసే గుమాస్తా. అతని పని సమావేశాలు పిలవడమని నియమావళిలో రాశారు. అదే ఏడాది రాజ్యాంగంలో దేశాధ్యక్షుడు వరుసగా రెండు దఫాలకు మించి ఉండరాదని చేర్చారు. పార్టీ ప్రధాన కార్యదర్శికి గానీ, సైనిక కమిషన్ అధిపతికి గానీ అలాంటి గడువు ఎక్కడా పెట్టలేదు. అసలు అధికారం ఉన్నది ఆ రెండు కుర్చీల్లోనే.

డెంగ్ వాటిలో మొదటిదాంట్లో కూర్చోలేదు. 1987లో పొలిట్‌బ్యూరో నుంచి కూడా తప్పుకున్నారు. కానీ అతి ముఖ్యమైన విషయాల్లో చుక్కాని ఆయన చేతిలోనే ఉండాలని అదే ఏడాది పార్టీ తీర్మానించుకుంది. 1989 మే 16న అప్పటి ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ ఈ సంగతి సోవియట్ నేత గోర్బచెవ్‌కు చెప్పడంతో లోకానికి తెలిసింది. కొద్దిరోజులకే జావో పదవి పోయింది. తియానన్మెన్ నెత్తురు ఆరకముందే, జూన్ 16న, డెంగ్ కొత్త నాయకులను కూర్చోబెట్టి మరో మాట అందించారు: హషిన్. హ అంటే పండు లోపలి టెంక, షిన్ అంటే గుండె. ఈ హ, పొందిక అనే హ వినడానికి ఒక్కటే, రాతలో సంబంధం లేదు. ఏ నాయకబృందానికైనా టెంక ఉండాలి, మొదటి తరానికి మావో, రెండో తరానికి నేను, ఇకమీదట జియాంగ్ జెమిన్ అని దాని సారాంశం. ఒక్క మాట మండపాన్ని తిట్టిన నోటితోనే ఆ మాట రావడం నన్ను బాధపెడుతుంది. భయం ఆయనతో అలా పలికించిందని అర్థమవుతుంది, అయినా బాధే.

టెంకకూ ఛైర్మన్ పదవికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. పదవిని రద్దు చేయొచ్చు. టెంక పదవి కాదు కాబట్టి దాన్ని ఏ నియమావళీ తొలగించలేదు.

2002లో వచ్చిన హు జింటావోను ఎవరూ టెంక అనలేదు. కామ్రేడ్ హు ప్రధాన కార్యదర్శిగా ఉన్న కేంద్రం అనే రాశారు. పార్టీని నడిపే పొలిట్‌బ్యూరో స్టాండింగ్ కమిటీలో తొమ్మిది మంది, ఒక్కొక్కరికి ఒక్కో శాఖ. 68 నిండినవారు దిగిపోవాలి, 67 వారు ఉండొచ్చు. దీనికి ఏడు పైకి, ఎనిమిది కిందికి అని పేరు పెట్టారు. ఆ పలుకుబడికి అంతకుముందున్న అర్థం గుండె దడ. బావిలో పదిహేను చేదలు వేస్తే ఏడు పైకి, ఎనిమిది కిందికి ఊగడం. ఎక్కడా రాసి లేని ఆనవాయితీ మీద వేలాడిన వ్యవస్థకు అంతకంటే సరైన పేరు దొరకదు. తొమ్మిది మంది పాలనను జనం తొమ్మిది డ్రాగన్ల నీటి పెత్తనం అన్నారు. వాన కురిపించే డ్రాగన్లు ఎక్కువైతే వాన తక్కువని వాళ్ల సామెత. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని మనం అనమూ? ఆ పదేళ్ల అవినీతి, ముఠాల కొట్లాట చూసినవారికి ఆ విసుగు అన్యాయమనిపించదు. ఆ విసుగే టెంకకు మళ్లీ దారి వేసింది.

2016 అక్టోబరులో కేంద్ర కమిటీ ప్లీనం షీ జిన్‌పింగ్‌ను హషిన్‌గా ప్రకటించింది. 2018 జులైలో ఆయన, పార్టీ కేంద్రానికి ఒకే పెద్దగా తీర్పునిచ్చే అధికారం, ఒక్క సుత్తిదెబ్బతో స్వరం నిర్ణయించే అధికారం ఉండాలన్నారు. ఒకే పెద్ద అన్న పలుకు సిమా చియెన్ చరిత్రలోనిదే. తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ గురించి అతని మంత్రి అన్నది. సుత్తిదెబ్బ పళ్లెం లాంటి కంచుగంటలు చేసేవారిది. పళ్లెం చుట్టూ ఎన్ని దెబ్బలు కొట్టినా, స్వరం ఖాయమయ్యేది కొసన వేసే ఒక్క దెబ్బతోనే. వేణువుల గుత్తిలో పుట్టిన హ, సుత్తి కింద కంచు అయింది. సుత్తిలో తప్పేం లేదు, గంటకు అది కావాలి. నూట నలభై కోట్ల మంది దేశానికి కావలసింది గుత్తి.

ఇద్దరన్న కథలోనూ, ఒక్కడన్న కథలోనూ మారనిది ఒకటుంది. 14 ఏళ్లు గడిచి, క్రీ.పూ. 828లో పాత రాజు ప్రవాసంలోనే పోయాడు. యువరాజు పెద్దవాడయ్యాడు. పాలిస్తున్నవాళ్లు రాజ్యం అప్పజెప్పి తప్పుకున్నారు. చింగ్‌హువా వెదురు బద్దల మీద కూడా గోంగ్ ప్రభువు హ తన వంశస్థలానికి తిరిగిపోయాడనే ఉంది. గోంగ్‌హలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ తిరిగిపోవడం. ఏ నిఘంటువూ దాన్ని అర్థాల్లో చేర్చదు. 1982 రాజ్యాంగంలోని రెండు దఫాల నిబంధన దానికి ఆధునిక రూపం. 2018 మార్చి 11న జాతీయ ప్రజా కాంగ్రెస్ 2,958 ఓట్లతో దాన్ని తీసేసింది. వ్యతిరేకించినవి 2. 2022 అక్టోబరులో స్టాండింగ్ కమిటీ నుంచి 67 ఏళ్ల ప్రధాని లీ కెచియాంగ్, అదే వయసున్న వాంగ్ యాంగ్ దిగిపోయారు, 69 ఏళ్ల షీ మూడో దఫా కొనసాగారు. కొత్త స్టాండింగ్ కమిటీలోని ఏడుగురిలో అందరికంటే చిన్నవారికి అప్పటికే 60 ఏళ్లు. తర్వాత ఎవరన్న ప్రశ్నకు ఆ వరుసలో జవాబు లేదు.