కొలిమిలో చలి

కొలిమిలో పెట్టిన వస్తువుకు చలి వేస్తుందంటే ఎవరైనా నవ్వుతారు. 1990ల తొలి రోజుల్లో, జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో ఆఖెన్‌బాఖ్ అనే శాస్త్రవేత్తను వేధించింది సరిగ్గా ఆ చలే.

ఆయన పాత పని వేరు. గోళం చుట్టూ గాలి ఎలా ఒరుసుకుపోతుందో కొలిచి 1972లో అచ్చువేశారు. ఇప్పుడు చేతికొచ్చింది పది సెంటీమీటర్ల చదరపు పింగాణీ బిళ్ల. గ్యాసు నుంచి కరెంటు పుట్టించే దీన్ని సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ అంటారు. నడుమ 0.15 మిల్లీమీటర్ల జిర్కోనియా పొర, అటూ ఇటూ 0.05 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్లు, గ్యాసూ గాలీ పారడానికి 18 సన్న కాలువలు. అదీ కాగితం మీదే. ఉత్త లెక్క.

కాలువ మూతి దగ్గర నిలబడి చూద్దాం. 900 డిగ్రీల వేడితో గ్యాసు లోపలికి వస్తోంది. అందులో 17.1 శాతం మీథేన్, దాదాపు సగం నీటి ఆవిరి. అసలు మీథేన్‌లో 30 శాతాన్ని బయటే విడగొట్టి పంపారు, మిగిలింది సెల్ లోపలే తేలాలి. గ్యాసు వైపు ఎలక్ట్రోడ్ అయిన ఆనోడ్‌లోని నికెల్ తగలగానే మీథేన్, ఆవిరి కలిసి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌గా మారిపోతాయి. రీఫార్మింగ్ అంటే ఇదే. ఒక్కో మోల్ మీథేన్‌కు 206 కిలోజౌళ్ల వేడి ఖర్చు. ఆ వేడి ఎక్కడిది? బిళ్లదే. తడిబట్ట ఒంటి వేడిని లాగేసినట్టు లాగేస్తుంది. పైగా నికెల్‌కు ఓపిక తక్కువ. మీథేన్‌లో చాలాభాగాన్ని మూతి దగ్గరే ముగించేస్తుంది. అక్కడ చల్లబడుతుంది, కరెంటు పుట్టేటప్పటి వేడితో తోక కాగుతుంది. పింగాణీ సంగతి తెలిసిందేగా, ఒక పక్క చలి, ఒక పక్క సెగ అయితే టప్పున చీలుతుంది.

అంత సన్న కాలువలో అడుగడుక్కీ థర్మామీటరు దూర్చడం కుదిరే పని కాదు. రీఫార్మింగ్ వేగాన్ని మాత్రం ఆఖెన్‌బాఖ్, సహచరుడు రీన్షే కలిసి విడిగా కొలిచి 1994లో ప్రకటించారు. మిగతాదానికి లెక్కే దిక్కు. అందుకని ఒకే లెక్కను యూరప్‌లోని పలు బృందాల ముందు పెట్టారు. ఎవరి ప్రోగ్రాము వారిది.

జవాబులు వచ్చాయి. గ్యాసు, గాలి ఒకే దిక్కుగా పారితే మూతి 900 నుంచి సుమారు 50 డిగ్రీలు జారింది, చివర వెయ్యి దాటింది. ఎదురెదురుగా పారిస్తే మూతికి చలి వదిలింది గానీ, బిళ్లకు జ్వరం ఇంకా ఎగబాకింది. ఈ జవాబులను పోల్చిన 1996 నివేదికలో బృందాల అంకెలు చాలావరకు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. నాకు కాస్త గుబులు పుట్టేది ఇక్కడే. అంకెలు కలిసినంత మాత్రాన అవి నిజమని కాదు; క్లాసంతా ఒకే గైడు చూసి రాసినా జవాబులు కలుస్తాయి.

ఈలోగా యూలిష్‌లోనే బిళ్ల తీరు మారింది. ఆనోడ్ మందం మిల్లీమీటరు దాటింది. ఆనోడ్ పలచగా ఉన్నప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ముందుకొచ్చింది. మీథేన్ సూక్ష్మరంధ్రాల్లోంచి లోపలికి దిగాలి, లోపల పుట్టిన ఆవిరి అవే రంధ్రాల్లోంచి ఎదురొస్తుంది. 2000లో లేనర్ట్, మొయిజింగర్, థోమ్ అనే శాస్త్రవేత్తలు ఆ ఇరుకు సందుల రాకపోకలకు సమీకరణాలు రాస్తూ లెక్కను మళ్లీ ఎత్తుకున్నారు.